కొంగగారి గోడ

ఆసుపత్రి ఉద్యోగుల చిత్రప్రదర్శన కింద పెద్ద హాల్లో పెట్టారు. నా భార్య గీసిన బొమ్మను మాత్రం పై అంతస్తులో, పిల్లల వార్డు నడవాలో, గొడుగు పట్టుకున్న బాతు పోస్టరు పక్కన తగిలించారు. ఉద్యోగమంతా ఆ ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీసిన మనిషి ఆమె. ఆమె బొమ్మ ఉండాల్సింది హాల్లో.

బొమ్మలో ఒక ముసలి ఎలుగుబంటి వార్డు కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. మంచం మీద రోగి గౌనులో ఉన్న కొంగ ముందుకు వంగి, దాని మోకాళ్ళ మీద తువ్వాలు కప్పుతోంది. ఎలుగుబంటిని నేను. కొంగ ఆమె.

తమను తాము జంతువులుగా ఊహించి గీసుకునేవాళ్ళు లోకంలో కొందరున్నారు. ఫర్రీలంటారు. ఆ గుంపు ఆమెకు ఇంటర్నెట్టులో దొరికింది. "రోజంతా మనుషుల ఎముకలే చూస్తాను. ఇంటికొచ్చాకైనా కాసిని ఈకలు చూడనివ్వండి" అనేది. నేను నవ్వితే నన్నూ ఎలుగుబంటిని చేసేసింది. నిద్ర లేవగానే నా గొంతు విన్నవాళ్ళెవరూ కాదనరు.

ఆ గుంపులో ఎవరి జంతువు ఏదో అదే వాళ్ళ పేరు. అసలు పేరు అడగడం మర్యాద కాదు. అందుకే ఆమె జబ్బుపడి తను పనిచేసిన ఆసుపత్రిలోనే చేరినప్పుడు, చూడడానికొచ్చిన నలుగురూ రిసెప్షన్ దగ్గర తెల్లమొహాలు వేశారు. చివరికి వాళ్ళలో నక్క, అంటే కుళాయిలు బాగుచేసే పెద్దమనిషి, ధైర్యం చేసి అడిగాడు.

"కొంగగారి గది ఎక్కడండీ?"

"పశువుల ఆసుపత్రి వెనక వీధిలో" అంది రిసెప్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి.

అప్పుడే మెట్లు దిగుతున్న నన్ను చూసి నలుగురూ "ఎలుగుబంటిగారూ!" అని కేకేశారు. నా భార్య గీసిన పోలికను బట్టి పట్టేశారు. ఈ సంగతి చెబితే ఆమె దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ గదిలో అంత నవ్వు మళ్ళీ వినలేదు.

మందులకు ఆమె జుట్టంతా రాలిపోయింది. మా అక్క తలకు రుమాలు తెచ్చి, గదిలో అద్దం తీసేసింది. ఆమె మాత్రం పెన్సిలు అడిగి, కొంగ తల వెనక పొడుగాటి నల్లని కుచ్చు గీసుకుంది. "ఇది రాలదు" అంది.

ఇప్పుడు ఆమె లేదు. ఆ బాతు పోస్టరు పక్కన నిలబడి అక్క నన్ను కేకలేస్తోంది.

"ఒరేయ్, బుద్ధుందా నీకు? బంగారంలాంటి ఫోటోలు ఇంటినిండా పెట్టుకుని, పెళ్ళాన్ని పక్షిని చేసి గోడకెక్కిస్తావా? నలుగురూ నవ్వుతార్రా!"

"ఫోటోల్లో మనకు కనబడినట్టుంది అక్కా. ఇందులో తను అనుకున్నట్టుంది."

"పోనీ, ఇక్కడైనా పెట్టారుగా. సర్దుకుపోరాదూ! నువ్వెప్పుడూ సర్దుకునేవాడివేగా."

"ఇది నాది కాదుగా, సర్దుకోడానికి."

బొమ్మను కొక్కెం నుంచి తీసి, చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. అక్క వెనకాలే సణుక్కుంటూ వచ్చింది. హాలు గుమ్మంలో సూపరింటెండెంటుగారు ఎదురయ్యారు.

"అయ్యో, తెచ్చేశారేంటి మాస్టారూ? చాలా ముచ్చటగా ఉందండీ. పిల్లలు సంబరపడతారనే అక్కడ పెట్టించాం."

"పిల్లలు చూస్తే సంతోషమేనండీ. కానీ ఇది పిల్లల బొమ్మ కాదు. ఇందులో ఉన్నావిడ చనిపోబోతోంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆ కుర్చీలో వాడికి చలేస్తుందని తువ్వాలు కప్పుతోంది."

ఆయన కళ్ళజోడు తీసి బొమ్మను మళ్ళీ చూశారు. "హాల్లో ఖాళీ మేకు లేదండీ" అన్నారు, గొంతు తగ్గించి.

"నేనున్నాను కదా."

ఎవరో గీసిన సూర్యాస్తమయానికీ, పళ్ళ డాక్టరుగారి గులాబీలకూ మధ్య గోడకు ఆనుకుని, బొమ్మను రొమ్ముకు ఆనించి పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరు కుర్రడాక్టర్లు చూసి నవ్వుకుంటూ పోయారు. పోనిచ్చాను. అక్క తల తిప్పుకుంది.

తర్వాత తలకు శాలువా చుట్టుకున్నావిడ ఒకరు, భర్త చెయ్యి పట్టుకుని వచ్చి ఆగారు. చాలాసేపు కొంగ కుచ్చునే చూశారు.

"నన్నిలా గీస్తే నేనేమవుతానండీ?" అని అడిగారు భర్తని.

"నోరు చూస్తే రామచిలకవే" అన్నాడాయన.

"మీ మొహం! ముంగిసని నేను" అని నవ్వుతూ ఇంకా దగ్గరకు జరిగారు.

వాళ్ళు వెళ్ళాక సూపరింటెండెంటుగారు నెమ్మదిగా వచ్చారు.

"ఇంకా చాలా టైముంది, చేతులు లాగేస్తాయి. కుర్చీ వేయించమంటారా మాస్టారూ?"

ఆయన మంచికే అడిగారు.

"వద్దండీ. కూర్చుంటే బొమ్మ కిందికి పోతుంది."