గంట కింది చీటీ

చింతపండు గుజ్జుతో అధ్యక్షుడి గంటను తోముతున్నాడు రాముడు. అరచేతిలో ఇమిడే ఇత్తడి గంట అది. గురువారం మూడయ్యేసరికి దాన్ని తోమి, ముగ్గుపొడితో మెరుగుపెట్టి, పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాలి. ఏడాదికొక అధ్యక్షుడి లెక్కన ముప్ఫై ఒక్కమంది ఆ గంట కొట్టారు. తోమినవాడు మాత్రం ఒక్కడే.

నరసన్నపేట బజారులో ఎరువుల కొట్టు పై అంతస్తులో ఉంది సేవామిత్ర క్లబ్బు హాలు. కుర్చీలు వేసేది, మైకు సరిచూసేది, మీటింగయ్యాక గది ఊడ్చేది రాముడే. బక్క ఒళ్ళు. పిలిచినప్పుడల్లా సగం వంగి నిలబడడం అలవాటై మెడ అలాగే ఉండిపోయింది. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి, సభ్యులు సంతకాలకు అడుగుతారని. తాను అడగవలసింది మాత్రం ఎన్నడూ ఎవర్నీ అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషని భార్య ధనలక్ష్మి దెప్పేది. ఆమెకు జ్వరం ముదిరిన వారంలో సెలవు అడగడానికి మొహమాటపడి, గురువారం మీటింగు కానిచ్చి శుక్రవారం అడుగుదామనుకున్నాడు. ధనలక్ష్మి శుక్రవారం దాకా ఉండలేదు.

ఇవాళ్టి మీటింగు ఊళ్ళోని పాత చర్చి గురించి. కట్టి నూటపదేళ్ళు దాటిందని దాని ఉత్తరపు గోడ పక్కన క్లబ్బువాళ్ళు ఒక శిలాఫలకం పెట్టిస్తున్నారు. చర్చి చరిత్ర మీద చిన్న పుస్తకం అచ్చువేయించిన రిటైర్డు లెక్చరరు భాస్కర్ గారు మాట్లాడతారు. ఆ తరవాత రాతి మీద చెక్కే మాటలు ఖాయం చేస్తారు. రేపు పొద్దున్నే రాయి చెక్కేవాడికి అందజేయాలి.

ఆ ఉత్తరపు గోడ పక్కన ఎవరున్నారో ఊళ్ళో బుల్లమ్మకు తెలుసు, ఆమె చెప్పగా రాముడికి తెలుసు. బుల్లమ్మ అరవై ఏళ్ళు ఆ చర్చి ఊడ్చింది. ఆమె అమ్మమ్మ పైడమ్మ ఆ గోడలకు సున్నం నూరింది. తట్టతో సున్నం మోస్తూ, గోడకు కట్టిన సారువ కర్రల మీంచి జారిపడి, ఇంట్లో ఏడాది పిల్ల ఉండగానే చనిపోయింది. ఏ పేరూ రాయకుండా ఆ గోడ పక్కనే పూడ్చారు. పుస్తకంలో పైడమ్మ లేదు. రాతి మీద ఆ ఒక్క పేరూ ఉంటే చాలునని బుల్లమ్మ కోరిక.

దానికీ ఓ దారి ఉంది. ఎవరైనా అతిథి మాట్లాడాలంటే, పేరు చీటీ మీద రాసి, సభ్యుడి సంతకం పెట్టించి, మీటింగు మొదలయ్యేలోపు గంట కింద పెట్టాలి. ఆఖర్న అధ్యక్షుడు గంట ఎత్తి, చీటీ చూసి పిలుస్తాడు. రాముడు సోమవారమే బుల్లమ్మ పేరుతో చీటీ రాశాడు. సంతకం కోసం మంగళవారం కార్యదర్శి ఇంటికి వెళితే ఆయన గ్యాసు సిలిండరు మోయమన్నాడు. మోసి వచ్చేశాడు. బుధవారం రైసుమిల్లులో అధ్యక్షుడు గణపతిరావు ముందు పావుగంట నిలబడ్డాడు. ఆయన చెవి దగ్గర్నుంచి ఫోను తియ్యలేదు.

నాలుగున్నరకి బుల్లమ్మ వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచీర, నున్నగా దువ్విన పిడికెడు జుట్టు. మోకాళ్ళు పనిచేయక, అద్దెగది ఖాళీ చేసి, ఈ సాయంత్రమే మనవరాలు అనితతో పర్లాకిమిడి వెళ్ళిపోతోంది. మళ్ళీ వచ్చే ఓపిక లేదు. మెట్టు మెట్టుకీ ఆగుతూ రాముడి భుజం పట్టుకుని పైకొచ్చింది. ఆమెను గుమ్మం పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు.

"పేరు పిలుస్తారు మామ్మా. అప్పుడు లెగాల."

"ఏటి సెప్పాల?"

"నాకు సెప్పినదే సెప్పు."

"మా అమ్మమ్మ పేరు పైడమ్మ. అంతే కదరా," అని తనలో తాను రెండుసార్లు అనుకుని చూసుకుంది.

సభ్యులు వస్తున్నారు. రాముడు బల్ల దగ్గరికి వెళ్ళి గంట ఎత్తాడు. సంతకం లేని చీటీ జేబులో ఉంది. ఎవరు పెట్టారని అడిగితే ఏం చెప్పాలి? నేనే అనాలి. గంటను గుడ్డతో మరోసారి తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

భాస్కర్ గారు చక్కగానే మాట్లాడారు. ఏ దొర ఎప్పుడొచ్చాడో, కలప ఏ కొండల నుంచి దిగిందో చెప్పి, దైవకృప వల్ల ఒక్క ప్రాణమైనా పోకుండా చర్చి లేచిందని ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం జరుగుతోందో పూర్తిగా వినపడని బుల్లమ్మ కూడా కొట్టింది. రాముడు గోడకు ఆనుకున్నాడు.

రాతి మీది మాటలు చదివారు. కట్టించిన దొర పేరు, క్లబ్బు పేరు, అధ్యక్షుడి పేరు. గణపతిరావు గంట ఎత్తాడు. కింద ఏమీ లేదు. మీటింగు ముగిసిందని మోగించాడు.

ఆ క్షణంలో రాముడికి ఒకటి గుర్తొచ్చింది. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ అధ్యక్షుడూ చీటీ మీద సంతకం చూసిన పాపాన పోలేదు. పేరు చదివి పిలిచేవాళ్ళు, అంతే. ఈ సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంత తెలిసీ పెట్టలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కింద ఆటో ఆపి అనిత పైకొచ్చింది. బస్సు టైమైపోతోందని నాయనమ్మను లేపింది. బుల్లమ్మ వెళుతూ రాముడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వేటి సేస్తావు నాయినా. నా కోసం శానా తిరిగావు."

తప్పు నాదే మామ్మా అనాలి. భుజం ఆసరా ఇచ్చాడు. ఆటో దాకా దించి, అది మలుపు తిరిగేదాకా చూసి పైకొచ్చాడు. రాయి రేపు కదా, ఇంకా మించిపోలేదు. తిన్నగా గణపతిరావు దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు.

"బాబూ..."

"ఏటి రాముడూ, టీ ఇంకా రాలేదా?"

"వస్తన్నాది బాబూ," అన్నాడు రాముడు.

టీ ఇచ్చాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కుర్చీలు మడుస్తూ, గుమ్మం పక్కన బుల్లమ్మ కూర్చున్నదాని దగ్గర ఆగాడు. దాని మీద కాగితం పొట్లం ఉంది, గట్టిగా దారం చుట్టి. మీటింగుకి ఎంతమంది వస్తారురా అని మొన్న ఆదివారం అడిగింది బుల్లమ్మ. తనను కలుపుకోకుండా ఇరవై మంది అన్నాడు. పసిపిల్లకి పేరు పెట్టినప్పుడు నోళ్ళు తీపి చేస్తారు కదా, పైడమ్మ పేరు చదవగానే అలా పంచాలనుకుందేమో. దారం విప్పాడు. సమంగా కొట్టిన బెల్లం ముక్కలు. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి ఉన్నాయి.