ఫస్ట్ క్లాసు గుండె

నేను ఒక ఎకో ప్రోబ్‌ని. గుండె ఎలా కొట్టుకుంటోందో తెర మీద చూపించే యంత్రానికి చెయ్యిలాంటిదాన్ని. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, స్పాంజి పెట్టెలో పడుకుని విశాఖపట్నం వచ్చాను. అక్కడి ఆసుపత్రివాళ్లు కొత్త మోడల్ మోజులో పడి నన్ను వదిలించుకుంటే, విజయనగరంలో డాక్టర్ హైమవతి గారి చేతికి చిక్కాను.

నాకు చల్లటి జెల్ రాసి మనుషుల ఛాతీ మీద ఆనిస్తారు. ఎంతటి మీసాలరాయుడైనా కితకితలు పుట్టి మెలికలు తిరగాల్సిందే. తమ గుండెల్లో దేవుడున్నాడని చెప్పినవాళ్లూ వచ్చారు. వెతికాను. కవాటాలే కనిపించాయి.

ఒకరోజు సన్యాసిరావు మాస్టారు వచ్చారు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన గుండెలో ఓ కవాటం సరిగా మూసుకోక, ముందుకు పోవలసిన రక్తం కొంత వెనక్కి కారుతోంది. ఆపరేషన్ చేయించుకోవాలన్నారు డాక్టర్ గారు. గుండె పంపింగ్ ఎంతని కొలిస్తే అరవై శాతం వచ్చింది.

అంకె వినగానే మాస్టారు లేచి కూర్చున్నారు.

"అరవయ్యా! ఫస్ట్ క్లాసు కదా డాక్టరమ్మా! ఇంకా ఆపరేషనెందుకు?"

జెల్ తుడుచుకోకుండానే చొక్కా తొడుక్కుని, ఎదురు షాపులో మాడుగుల హల్వా కొని బయటున్న పేషెంట్లందరికీ పంచారు. నలభై ఐదు వచ్చిన ఒకాయన వీపు తట్టి, "థర్డ్ క్లాసే. ఈసారి బాగా చదువు" అని ఓదార్చారు కూడా. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఇంకో ఆర్నెల్లు ఇలాగే తిరిగితే ఆ గుండె కండరం మళ్లీ కోలుకోదు.

డాక్టర్ గారు ఆయన భార్య అప్పలనరసమ్మ గారికి ఫోన్ చేశారు. మర్నాడు ఆవిడ మాస్టార్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఈసారి కండరం ఎంత గట్టిగా ముడుచుకుంటోందో నాచేత విడిగా కొలిపించారు. ముదురు ఎరుపులో ఉండాల్సిన బొమ్మ వెలిసిపోయిన గులాబీ రంగులో వచ్చింది.

"చూశారా మాస్టారూ, కండరం అలిసిపోయింది. రక్తం వెనక్కి సులువుగా జారిపోతోంది కాబట్టి పెద్దగా కష్టపడకుండానే అరవై చూపిస్తోంది."

మాస్టారి మొహం మాడిపోయింది. "అంటే... చూచి రాసిందా?"

"అచ్చంగా అదే."

"ఈయన డిబారు చేసినోలు ఊరంతా ఉన్నారు తల్లీ," అంది అప్పలనరసమ్మ గారు. "దొంగ ఇంట్లోనే ఉన్నాడేటి!"

ఆ నెలలోనే ఆపరేషన్ చేసి కవాటం బాగుచేశారు. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు నాకే భయం వేసింది. యాభై నాలుగు. కారడం ఆగాక అంకె కొంచెం తగ్గడం మామూలేనని డాక్టర్ గారు చెబుతూనే ఉన్నారు, అప్పలనరసమ్మ గారు గుండెలు బాదుకుంది.

"అయ్యో, తగ్గిపోనాయేటి తల్లీ!"

"ఊరుకోవే," అన్నారు మాస్టారు. "ఇవి సొంతంగా రాసినవి."

ఆయన ఏడుస్తూ నవ్వడంతో తెర మీద బొమ్మంతా అదిరిపోయింది. డాక్టర్ గారు నాకు ఇంకాస్త జెల్ రాసి మళ్లీ మొదలుపెట్టారు.