పక్షి లేని బొమ్మ

సెప్టెంబరు గాలి. సరస్సు మీంచి వచ్చే గాలి.

తుంగను వంచుతుంది. నీటిని గీరుతుంది. ఒడ్డున ఆరేసిన వలల్లోంచి దూరి, కిటికీ సందులోంచి లోపలికొచ్చి, సిగ్రున్ చేతిలోని టీ కప్పు దాకా వస్తుంది.

కప్పులో టీ కదులుతుంది.

గాలికి కాదు... చేతికి.

సిగ్రున్ రెండో చెయ్యి కూడా కప్పుకు ఆనిస్తుంది. కొన్నేళ్ళుగా ఆమె టీ తాగే తీరు ఇదే.

ఒకప్పుడు ఆ చెయ్యంటే ఊరికి గొప్ప.

ఆ చేత్తో ఆమె పక్షుల్ని వేసేది. ముఖ్యంగా గూడబాతుల్ని. ఈకకు ఈక, ఈనెకు ఈనె. పిల్లి మీసమంత సన్నని కుంచెతో, ఊపిరి బిగబట్టి. కెనడాలో విన్నిపెగ్ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆమె గూడబాతు లేని ఇల్లు లేదు. పొయ్యి పైన ఒకటి. మంగలి షాపులో అద్దం పక్కన ఒకటి. చర్చి వంటగదిలో, ఆవిరికి కాస్త పసుపెక్కి, ఒకటి. పెళ్ళయితే అదే కానుక. కొత్తింట్లోకి దిగితే అదే కానుక. ‘పక్షుల సిగ్రున్’ అంటే చాలు, ఇల్లు ఎవరైనా చూపించేవారు.

తర్వాత ఒక వసంతంలో, గూడబాతు కంటి చుట్టూ గీత గీస్తోంది.

గీత ఎగిరిపడింది.

తుడిచింది. మళ్ళీ గీసింది.

మళ్ళీ ఎగిరింది.

ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. తగ్గేది కూడా కాదన్నాడు. సిగ్రున్ ఇంటికొచ్చి కుంచెలు కడిగింది. ఆరబెట్టింది. పాత గుడ్డలో చుట్టి అటకెక్కించింది. ఎవరైనా అడిగితే కళ్ళు లాగుతున్నాయంది. తీరిక లేదంది. తోటపని పెరిగిందంది. చెయ్యి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్క స్టీనాకూ చెప్పలేదు... స్టీనాయే కనిపెట్టింది.

స్టీనాకు తలుపు తట్టే అలవాటు లేదు. ఆ ఉదయం కూడా నేరుగా వంటింట్లోకే వచ్చింది.

“ఏమే, ఖాళీగానే ఉన్నావుగా. పద.”

“ఎక్కడికి?”

“చేపల షెడ్డుకి. ఈసారి బొమ్మల ప్రదర్శన నా నెత్తిన పడింది. ఆ గోడలు చూస్తే ఏడుపొస్తోంది. తెల్లరంగు కొట్టాలి.”

“నేను వెయ్యలేనక్కా. నీకు తెలుసుగా.”

“బొమ్మెవరు వెయ్యమన్నారే నిన్ను? గోడ! గోడకి కళ్ళూ రెక్కలూ ఉండవు. పద.”

పాత షెడ్డు. చేపలు కోసి మంచులో పెట్టడం మానేసి ఏళ్ళు గడిచినా, వాన పడితే చేపల వాసనే. ఏటా ఈ కాలంలో ఊళ్ళోవాళ్ళు తాము చేసినవి అక్కడికి తెచ్చి పెడతారు. బొమ్మలు, బొంతలు, చెక్కలో చెక్కిన పడవలు. ఊరంతా వచ్చి చూస్తుంది. సిగ్రున్ వెళ్ళడం మానేసింది.

స్టీనా ఆమె చేతికి అరచేతి వెడల్పు కుంచె ఇచ్చింది.

దాన్ని వేళ్ళతో పట్టుకోవడం కుదరదు. పిడికిలితోనే పట్టుకోవాలి. మణికట్టుతో తిప్పడం కుదరదు. భుజంతోనే లాగాలి. కిందికి... పైకి. కిందికి... పైకి. చెయ్యి వణికింది. గోడ పట్టించుకోలేదు. తెలుపు పరుచుకుంటూ పోయింది.

మధ్యాహ్నానికి సిగ్రున్ మెడలో ఏదో ముడి వదులైంది.

తలుపుకు నీలం వెయ్యాలి. వేసింది. నేల మీద రంగు పడకుండా పరిచిన ప్లైవుడ్ చెక్క ఒకటుంది. కుంచెలో మిగిలిన నీలాన్ని దాని మీద తుడిచింది.

ఒక్క చార.

చార అంచు వణికింది. చిన్న చిన్న మడతలుగా.

సిగ్రున్ ఆగిపోయింది.

అది నీళ్ళలా ఉంది. తాను ఎన్నో ఏళ్ళు పక్షుల కింద సన్నని గీతలతో, ఓపికగా, ఒద్దికగా గీసిన నీళ్ళలా లేదు. గాలి గీరుతున్న నీళ్ళలా ఉంది.

ఇంకో చార.

తర్వాత కాస్త తెలుపు. మూలనున్న పాత పొయ్యిలోంచి కాస్త మసి. కుంచెను అంచు మీద నిలబెట్టి, కింది నుంచి పైకి... తుంగ. వంగిన తుంగ. మళ్ళీ తుంగ. మోకాళ్ళ మీద కూచున్న సంగతి మరిచింది. అక్కను మరిచింది. చెయ్యి వణుకుతూనే ఉంది, గాలి వీస్తూనే ఉంది, రెండిటిలో ఏది ఏదో...

స్టీనా కాఫీ తెచ్చి వెనక నిలబడింది. ఆమె అంతసేపు నోరు మూసుకుని నిలబడటం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

“కాఫీ చల్లారుతోందే” అంది చివరికి, మెల్లగా.

సిగ్రున్ తిరిగి చూసింది. చెంపకు నీలం.

“అక్కా... నేను చేతిని ఆపలేదు.”

“చూశాను.”

“ఒక్కసారి కూడా ఆపలేదక్కా.”

ఆ రోజు నుంచీ పెరట్లో గోడకు ప్లైవుడ్ చెక్కలు చేరాయి. చాలావరకు పాడయ్యాయి. కొన్నిటిలో రంగులు కలిసిపోయి బురదయ్యాయి. కొన్ని వానలో నాని పొయ్యిలోకి పోయాయి. పాడైన రోజున కూడా సిగ్రున్ ఆకలేసి తినేది, అలిసి పడుకునేది. ఒకటి మాత్రం నిలిచింది.

ప్రదర్శన దగ్గరపడ్డాక భయం పట్టుకుంది.

“అందరూ పక్షి కోసం వస్తారక్కా. ఇది నేను తీసుకురాను.”

“మానెయ్. గోడ ఖాళీగా వదిలేసి, కింద నీ పేరు రాసి పెడతా.”

“రాక్షసివక్కా నువ్వు.”

“అందుకేగా ఈ ప్రదర్శన నా నెత్తిన పెట్టారు.”

ఆదివారం షెడ్డు నిండిపోయింది. తడి కోట్లు. కాఫీ. పొరల మధ్య నల్లటి పళ్ళ గుజ్జు పెట్టిన వీనార్తెర్తా కేకు, ఎవరి అమ్మమ్మ పద్ధతి సరైనదో ఏటా తెగని వాదన. చివరి గోడకు సిగ్రున్ బొమ్మ. జనం దాని ముందు ఆగారు. తలలు వాల్చి చూశారు. మూలలు వెతికారు.

“పక్షేది?”

“తుంగలో దాక్కుందేమో.”

“అదిగో, ముక్కు!”

“ముక్కు కాదు మహానుభావా, రంగు కారింది.”

సిగ్రున్ కాఫీ బల్ల వెనక నిలబడి అంతా వింది. పారిపోదామా అనుకుంది. తలుపు పక్కనే ఉంది.

హాల్డోరా టీచర్ వచ్చింది. సగం ఊరికి అక్షరాలు దిద్దించిన పెద్దావిడ. చేతికర్ర మీద వాలి చాలాసేపు చూసింది. తిరిగి చూసి, దాపరికం లేకుండా అంది:

“నాకు నీ గూడబాతులే ఇష్టం సిగ్రున్.”



“నాకూ అవే ఇష్టం టీచర్” అంది సిగ్రున్. “కానీ ఇక వెయ్యలేను.”

బల్ల వెనక నుంచి ముందుకొచ్చింది. చెయ్యి చాపింది. అందరి ముందూ.

“చూడండి. ఇదీ సంగతి.”

చెయ్యి వణికింది. ఇన్నేళ్ళు దాచిన మాట ఇంత చిన్నదా... అనుకుంది సిగ్రున్. ఊపిరి తేలిగ్గా వచ్చింది.

టీచర్ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఇంత చల్లగా ఉందేమే? నువ్వు కాఫీ తాగావా, అందరికీ పొయ్యడమేనా?”

అప్పటిదాకా బొమ్మ ముందు నుంచి కదలనివాడు ఒక్కడే. బ్యార్ని. పుట్టినప్పటి నుంచీ ఆ సరస్సులో చేపలు పట్టి బతికినవాడు. బొమ్మ వైపే చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు:

“ఈ గాలిలో నేను పడవ తియ్యను.”

“అది బొమ్మ, బ్యార్నీ!” అన్నారెవరో.

“బొమ్మయితే ఏంటి? తియ్యనంటే తియ్యను.”

షెడ్డు పగలబడి నవ్వింది. సిగ్రున్ అందరికంటే ఎక్కువ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ నవ్వుతూ. బ్యార్ని నవ్వలేదు. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని, వీనార్తెర్తా వైపు నడిచాడు.

మర్నాడు ఉదయం సరస్సు అద్దంలా ఉంది.

సిగ్రున్ ఒక చెక్క, రెండు డబ్బాలు పట్టుకుని ఒడ్డుకు నడిచింది. దక్షిణానికి వెళ్ళబోయే గూడబాతులు నీళ్ళ మీద గుంపుగా ఉన్నాయి... తెల్లగా, తొందర లేకుండా. వాటిలో ఒకటి లేచి, తిరిగి, ఆమెకు దగ్గరగా దిగింది. రెక్కలు ఇంకా ముడవలేదు.

ఆమె వెడల్పాటి కుంచెను తెలుపులో ముంచింది.

భుజం లేచింది. చెయ్యి వణికింది. మొదటి తెలుపు చెక్క మీద పడింది.

రెక్కో...

నురగో...

దూరంగా ఎక్కడో గాలి లేచింది. తుంగ వంగడం మొదలుపెట్టింది.