కాలు నిలవని ద్వాళి

ఉడికిన వడ్లలో పాదం దించి ఈడ్చుకుంటూ పోతోంది ద్వాళి. పాదం పోయిన దారిన సాలు పడుతోంది. అవతలి గోడ దగ్గర మళ్ళి, పక్కనే ఇంకో సాలు. కింద కల్లం సిమెంటు, పైన ఎండ, నడుమ బాయిలరు నుంచి అప్పుడే దింపిన వడ్ల ఆవిరి. మిర్యాలగూడ మిల్లుల్లో పట్టిన ఉప్పుడు బియ్యం ఎక్కడో కేరళ వాళ్ళ కంచాల్లోకి పోతుంది. ఆవిరి మాత్రం ఇక్కడి ఆడవాళ్ళ మొహాలకే.

లంబాడీల అద్దాల పావడా, పేటియా అంచును మోకాళ్ళ దాకా ఎత్తి నడుముకు దోపుకుంది. మోచేతుల పైదాకా ఉన్న తెల్ల గాజులు దుమ్ముకూ చెమటకూ పసుపుపచ్చగా మారాయి. అరికాళ్ళ పగుళ్ళలో వడ్ల గింజలు ఇరుక్కుని ఉంటాయి. రాత్రి తండాకు పోయాక పిన్నీసుతో తీసుకుంటుంది. తనకు నలభై దాటిందో లేదో ఆమెకే తెలియదు. త్రిపురారం దగ్గరి తండా నుంచి మొగుడు గేమ్యాతో వచ్చి ఈ మిల్లులో చేరిననాడు పెద్దకొడుకు చంకలో ఉన్నాడు. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి. గేమ్యా అదే మిల్లులో బస్తాలు మోస్తాడు.

"ద్వాళిని జూసి నేర్సుకోండ్రి. పొద్దుగాల్నుంచి కాలు నిలువది" అంటాడు గుమాస్తా బిక్షపతి, ఆడవాళ్ళు కాస్త నడుం వాల్చినప్పుడల్లా. పని మీద అంత యావ ఉన్న మనిషిని తాను చూడలేదట. షావుకారు కూడా మెచ్చుకుని ఓ దసరాకు చీర పెట్టాడు. పేటియా కట్టుకునే మనిషికి చీర! మెచ్చుకోలుకు తెలివి ఉండాలని ఎక్కడుంది గనక.

యావా లేదు, పాడూ లేదు. నిలబడితే పొత్తికడుపు బరువెక్కి కిందికి జారుతుంది. నడుస్తుంటే ఆగుతుంది. అందుకని నడుస్తుంది, అంతే. పొద్దు పొడవకముందు తండా బయట కూర్చుని వచ్చిన మనిషి, మళ్ళీ పొద్దు గూకాక ఆ చీకట్లోనే కూర్చోవాలి. మగవాళ్ళకేం, గోడ ఉంటే చాలు. ఆడవాళ్ళకు ఒకప్పుడు మిల్లు వెనక తుమ్మచెట్లుండేవి. లారీలు ఆగే చోటు కావడంతో డ్రైవర్లు లైట్లు వేసి నవ్వేవాళ్ళు. అయినా నలుగురు పేటియా అంచులు, చీర చెంగులు అడ్డం పట్టుకుంటే గడిచిపోయేది. కొత్త కల్లం కోసం షావుకారు ఆ చెట్లు కొట్టించి ప్రహరీ కట్టించాక ఆ నీడా పోయింది.

అందుకే కల్లంలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లకు ద్వాళి మొదట నేర్పేది సాలు తోలడం కాదు, నీళ్ళు తాగకుండా ఉండడం. తాగకు, నోరు పుక్కిలించి ఉమ్మెయ్యి. మరీ ఎండితే చెంగు తడిపి పెదాలకద్దుకో. మొన్న మొన్న చేరిన జమ్లీకీ అదే చెప్పింది. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "గిట్ల ఎన్నేండ్లు యాడీ?" అంది. తండా పిల్లలంతా ద్వాళిని యాడీ అనే పిలుస్తారు, అమ్మా అని. ద్వాళి పాదం మళ్ళీ వడ్లలోకి దించింది. ఎన్నేళ్ళని చెబుతుంది?

బిక్షపతికి ఇదంతా వేళాకోళం. "సెరువు మీద అలిగినోడు ముడ్డి కడుక్కోనట్టు, రంజన్ మీద అలిగినవేందే?" అని నవ్వేవాడు. షెడ్డు నీడన చల్లటి నీళ్ళతో మట్టి రంజన్ ఉంటుంది. అందులో గ్లాసు ముంచేది మగవాళ్ళే.

ఈ ఎండాకాలం మూత్రంలో మంట మొదలైంది. చలిజ్వరం, నడుంలో పోటు. బజారులో ఆర్.ఎం.పి. డాక్టరు గోళీలిచ్చి, రోజూ బిందెడు నీళ్ళు తాగితే తప్ప తగ్గదన్నాడు. "తాగుడుకేముంది సారూ, ఇడిసే జాగ సూపియ్, కాల్వ మొత్తం తాగుత" అంది ద్వాళి. ఆయన నవ్వాడు గానీ ద్వాళి నవ్వలేదు. ఈ తెల్లవారుజామున మంటతో పాటు నెత్తురు జీర కనబడింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పనిలోకి రావద్దంటారేమోనని భయం.

జాగ లేక కాదు. సంక్రాంతి పోయాక కల్లం మూలన ఒక చిన్న గది లేచింది. నీలం తలుపు, తలుపు మీద కొప్పూ బొట్టూ పెట్టి ఆడమనిషి బొమ్మ, కింద 'స్త్రీలు' అని రాత. ఆ రోజు ఆడవాళ్ళ సంబరం ఇంతా అంతా కాదు. సుక్కమ్మయితే తలుపుకు పసుపు రాసింది. మర్నాటికల్లా దానికి తాళం పడింది, లోపల తవుడు బస్తాలు పడ్డాయి. అదేమంటే, ఫ్యాక్టరీల ఇన్స్పెక్టరుకు చూపడానికి కట్టిందనీ, వీళ్ళు పోతే ఖరాబవుతుందనీ బిక్షపతి చెప్పాడు. ముద్ద చూపించి మూతి కట్టినట్టయింది.

ఆ ఇన్స్పెక్టరు ఈ వేళ వస్తున్నాడు. పొద్దున్నే బస్తాలు బయటపడ్డాయి, ఫినాయిలు వాసన కల్లమంతా కమ్మింది. బిక్షపతి ఆడవాళ్ళను పిలిచి, అడిగితే రోజూ వాడుకుంటున్నామని చెప్పాలన్నాడు. వేరే కూత కూసినవాళ్ళకు రేపట్నుంచి పని లేదన్నాడు. ముందు నిలబడి చెప్పే పని ద్వాళికి అప్పజెప్పాడు, ఏనాడూ ఎదురాడని మనిషి గనక. ద్వాళి తల ఊపింది. చెప్పేస్తే పోయేదేముంది, ఒక మాట. చెప్పకపోతే పోయేది కూడు.

మధ్యాహ్నం ఎండ దిగకముందే జీపు వచ్చింది. మెడ చుట్టూ రుమాలు చుట్టుకున్న నడివయసు మనిషి దిగి, బాయిలరు చూశాడు, బెల్టులు చూశాడు, చివరికి మూలకొచ్చాడు. బిక్షపతి తాళం తీసి తలుపు బార్లా తెరిచాడు. ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు.

"ఏమ్మా, ఇది వాడుకుంటున్నారా?" అని ఇన్స్పెక్టరు ద్వాళిని అడిగాడు.

నిలబడి ఎంతసేపయిందో, పొత్తికడుపులో నిప్పు రాజుకుంది. అవునందామనే నోరు తెరిచింది. ఎదురుగా తలుపు తెరిచి ఉంది. ద్వాళి ఇన్స్పెక్టరుకూ బిక్షపతికీ మధ్య నుంచి నడిచి లోపలికి పోయి గడియ వేసుకుంది.

పట్టపగలు, తలుపు వేసుకుని, ఎవరొస్తారోనన్న భయం లేకుండా కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. మంట పాదాల దాకా పాకింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. నొప్పికో, సుఖానికో, ఇన్నేళ్ళు ఇదేగా అడిగింది అన్న కోపానికో, ఏడ్చింది. కడుక్కుందామని చూస్తే లోపల నీళ్ళూ లేవు, చెంబూ లేదు. చూపడానికి కట్టినదాంట్లో అవెందుకు? పేటియా సర్దుకుని, తొందరేమీ లేకుండా గడియ తీసింది.

ఇన్స్పెక్టరు అక్కడే నిలబడి ఉన్నాడు. బిక్షపతి మొహం మాడిపోయి ఉంది.

"ఇయ్యాల్నే మొదలు సారూ. ఇన్నొద్దులు తాళమే" అంది ద్వాళి.

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే జమ్లీ లోపలికి దూరింది. జమ్లీ వెనక సుక్కమ్మ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. సుక్కమ్మ వెనక ఇంకొకామె, ఆమె వెనక ముసలి సైదమ్మ. ఇన్స్పెక్టరు ఆ వరసను చివరిదాకా చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, ఈసారి చెప్పకుండా వస్తానని బిక్షపతితో అని జీపెక్కాడు.

జీపు గేటు దాటిందో లేదో బిక్షపతి తాళంకప్ప పట్టుకుని పరుగున వచ్చాడు. లోపల మనిషుంది. బయటికి రమ్మని తలుపు బాదాడు. తలుపు తెరుచుకుని ఒకామె వచ్చింది, ఆమె బయట కాలు పెట్టకముందే ఇంకొకామె లోపలికి పోయింది. కల్లంలో నలుగురు సాళ్ళు తోలుతూనే ఉన్నారు. లోపల ఒకామె ఉంటూనే ఉంది. అవసరం తీరినవాళ్ళు కూడా మళ్ళీ వచ్చి వరసలో నిలబడ్డారు. సైదమ్మ ఊరికే కూర్చుని వచ్చానని చెప్పి పళ్ళు లేని నోటితో నవ్వింది. పొద్దు వాలేదాకా బిక్షపతి తాళం చేతిలో పట్టుకుని పెళ్ళికి పిలవని చుట్టంలా అక్కడక్కడే తిరిగాడు.

సాయంత్రం షావుకారు వచ్చాడు. కోదాడ అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. జరిగిందంతా విని, "సరే, ఆ తాళం తీసెయ్యి. ఆవిణ్ణి కూడా తీసెయ్యి" అన్నాడు. రెండూ ఒకే గొంతుతో అన్నాడు.

బిక్షపతి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు ద్వాళి వడ్లు కుప్ప చేస్తోంది. చేతిలో పార పక్కన పెట్టింది. ఎదురుగా గేమ్యా వీపు మీద బస్తాతో ఆగాడు. ఆమెను చూశాడు. నోరు తెరిస్తే తన పనీ పోతుంది. బస్తా దించి వచ్చి ఇంకోటి ఎత్తుకున్నాడు. ద్వాళి తప్పు పట్టలేదు. ఇంట్లో ఒకరి కూలన్నా ఉండాలి.

జమ్లీ ఏడుపు మొహంతో వచ్చి చెయ్యి పట్టుకుంది. "నేను గూడ వస్త యాడీ."

"నువ్వొస్తే మల్ల తాళమేస్తరు. గీడనే ఉండు" అంది ద్వాళి. "మంచిగ తాగు, మంచిగ పో."

తర్వాత రంజన్ దగ్గరికి పోయింది. ఇంకా వెలుతురుంది, అందరూ చూస్తున్నారు. గ్లాసు ముంచి తాగింది, మళ్ళీ ముంచింది. గుటకలు బయటికి వినబడుతున్నాయి. నీళ్ళు గడ్డం మీదుగా కారి గాజుల మీద పడ్డాయి. కడుపు నిండి, ఊపిరి అందక, కాసేపు రాటకు ఆనుకుని నిలబడింది.

షెడ్డు వెనక ఖాళీ గ్రీజు డబ్బా ఒకటి దొరికింది. ఇసకతో, ఊకతో రుద్ది, జిడ్డు పోయేదాకా కడిగింది. పంపు కింద పెట్టి నింపి, తొణక్కుండా మూల గదిలోకి తీసుకుపోయింది. ఉత్త చేతులతో బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, సద్ది మూట చంకన పెట్టుకుని గేటు వైపు నడిచింది. తండాకు పోయే బండి ఆగే చోటు దాకా చాలా దూరం ఉంది.

జమ్లీ తలుపు తోసి చూసింది. గోడవార, చెయ్యి చాపితే అందేటట్టు, అంచుదాకా నీళ్ళతో గ్రీజు డబ్బా.