ఏడు గంటలకు ఐదు వాట్లు

మా కంపెనీలో నా పని ఏమిటో ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. చిన్న పళ్లెమంత కంప్యూటర్ మదర్‌బోర్డు తెచ్చి నా బల్ల మీద పెడతారు. ఖాళీగా ఉన్నప్పుడు అది ఎంత కరెంటు తాగుతుందో, ఒళ్లు వంచి పనిచేసేటప్పుడు ఎంత తాగుతుందో, తాగినదానికి తగ్గ పని చేస్తుందో లేదో కొలిచి నేను సంతకం పెట్టాలి. తైపే పక్కన షిన్‌ద్యెన్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నేను సంతకం పెట్టిన అంకెను ఇంకొకరు మళ్లీ కొలవరు. ఆ పొగరు నాకుంది, దాచుకోను.

పక్క బల్ల చియెన్‌ది. ఇద్దరు పిల్లల తల్లి, పదేళ్లుగా మాతో పనిచేస్తోంది. ఆ సోమవారం పొద్దున్నే మొదలుపెట్టింది.

"వెంగ్ అన్నా, ఈ బోర్డు పదకొండు వాట్లు తాగాల్సింది, పద్నాలుగు లాగుతోంది. పాడైనట్టుంది."

వెళ్లి చూస్తే ఏముంది! తన ఫోన్‌ని ఆ బోర్డుకే తగిలించి ఛార్జింగ్ పెట్టుకుంది.

"పాడైంది బోర్డు కాదు తల్లీ, నీ బుర్ర. కొలిచే ముందు ఫోన్ తియ్యమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? నువ్వు కొలిచేది బోర్డునా, నిన్నా?"

"సర్లే అన్నా, ఇంతమందిలో పరువు తియ్యాలా?" అని మూతి ముడుచుకుంది. చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా ఇంటి హాల్లో, అల్మరా మీద, మా కంపెనీదే తొమ్మిదేళ్ల నాటి బోర్డు ఒకటి చిన్న పెట్టెలో నడుస్తూ ఉంటుంది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. నావీ మా ఆవిడ పెయ్‌-జెన్‌వీ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరూ కదిలించకపోతే తొమ్మిది వాట్లు. లోపల పని పడితే పద్నాలుగు. పెట్టె మీద ఆకుపచ్చ చిరుతిళ్ల ప్యాకెట్ ఉంటుంది. యంత్రం బుద్ధిగా ఉండాలని మా తైపే వైపు అందరూ పెట్టేదే. రంగు ఆకుపచ్చే కావాలి, తేదీ దాటకూడదు, ఎవరూ తినకూడదు. మా ఇంట్లో తేదీ చూసి ప్యాకెట్ మార్చే పని పెయ్‌-జెన్‌ది.

ఆమె నన్ను వదిలి తైచుంగ్ వెళ్లిపోయి రెండేళ్ల నాలుగు నెలలైంది. గొడవేమీ జరగలేదు. "నీ పక్కనే కూర్చున్నా నేను వచ్చినట్టు నీకు తెలీదు," అంది. అప్పుడు కూడా నేను ఏదో మీటరు చూస్తున్నాను. ఆ ప్యాకెట్ తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఆమె చేత్తో పెట్టిందని నేను ముట్టుకోలేదు.

మా సందులోకి చెత్త బండి పాట పాడుకుంటూ ఏడుంపావుకి వస్తుంది. అది తప్పిపోతే చెత్తతో కాపురమే. అందుకని ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను. ఆరు నెలల కిందట గోడ దగ్గర ఒక మీటరు తగిలించాక గమనించాను. నేను చెప్పులు విప్పుతుండగా తొమ్మిది కాస్తా పద్నాలుగవుతుంది. పది నిమిషాలు అలాగే ఉండి మళ్లీ తొమ్మిదికి దిగుతుంది. రోజూ అంతే.

పెయ్‌-జెన్ అక్కడ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఆరున్నరకి వదులుతారు. ఇల్లు చేరగానే నిలబడే పాత ఫోటోలు చూసుకోవడం ఆమెకు ముందునుంచీ అలవాటు. అక్కణ్ణుంచే ఈ పెట్టె తెరిచి ఫోటోలు చూసే తాళంచెవి ఆమె ఫోన్‌లో ఇంకా ఉంది. మరి రోజూ పెట్టెలోకి వచ్చేది ఆమె కాక ఎవరు? శని, ఆదివారాల్లో అంకె కదలదు. సెలవు కదా, వాళ్లమ్మ దగ్గరికి వెళ్తుందిలే అనుకున్నాను.

ఎవరు వచ్చి వెళ్లారో పెట్టెలోనే రాసి ఉంటుంది. చూడటానికి అరనిమిషం చాలు. నేను చూడలేదు. అంకెలతో బతికేవాణ్ణి, ఆ ఒక్కటి చూడటానికి భయపడ్డాను.

"ఆ ముసలిదాన్ని పట్టుకుని ఎందుకన్నా వేలాడతారు? ఐదు వాట్లతో దీనికి రెండింతల పని చేసేది ఇస్తాను," అని చియెన్ ఒకసారి కొత్త బోర్డు తెచ్చింది. వద్దన్నాను. కొత్తదానికి ఫోటోలు ఒక లెక్కా? అర వాటు కూడా పెరగదు. పెయ్‌-జెన్ వచ్చినట్టు నాకెలా తెలుస్తుంది?

ఆదివారానికి తైచుంగ్ రైలు టికెట్ కొన్నాను. ఉత్త చేతులతో వెళ్లడం నా పద్ధతి కాదు. ఆ సోమవారం సాయంత్రం ల్యాబ్ నుంచి అంకెలన్నీ రాసుకునే మీటరు తెచ్చి గోడకు తగిలించాను. వారం ఆఖరుకి ఆ అంకెల గీత కాగితం మీద అచ్చువేసి ఆమె ముందు పెట్టి, "రోజూ ఏడింటికి వస్తూనే ఉన్నావు, ఇక నువ్వే వచ్చెయ్," అనాలి. యాభై ఒక్కేళ్లవాణ్ణి, అద్దం ముందు నిలబడి ఆ మాట నాలుగుసార్లు అని చూసుకున్నాను.

గురువారం పరీక్షకని వేడి గదిలో పెట్టిన బోర్డు ఒకటి చచ్చి కూర్చుంది. అందరం ఎనిమిదిన్నర దాకా ఉండిపోయాం. చెత్త బండి పోయింది, దాంతోపాటు ఆమె కూడా వచ్చి వెళ్లిపోయి ఉంటుందని దిగులుగా తలుపు తీశాను. చెప్పులు విప్పుతుండగా అంకె పద్నాలుగైంది! ఈవేళ ఆమెకీ ఆలస్యమైందన్నమాట, ఇద్దరికీ ఒకే రోజు! చేతిలోని అన్నం డబ్బా విప్పడం కూడా మరిచిపోయి పది నిమిషాలూ దాని ముందే కూర్చున్నాను.

శుక్రవారం ల్యాబ్‌లో అచ్చువేస్తే కాగితం ముందు చియెన్ చేతిలో పడింది.

"ఏ బోర్డన్నా ఇది? మంగళ, బుధవారాలు ఏడింటికి లేచింది, గురువారం మాత్రం ఎనిమిది నలభై అయిదుకి..." కాసేపు ఆలోచించి పకపకా నవ్వింది. "గురువారం మనం ఇక్కణ్ణుంచి కదిలిందే ఎనిమిదిన్నరకి! ఫోన్ తీశారా అన్నా? మీరు కొలిచింది బోర్డునా, మిమ్మల్నా?"

సోమవారం బాకీ తీర్చుకుంది పాపం, అంతకన్నా తనకేం తెలుసు? అందరూ నవ్వారు. నేనూ నవ్వి, బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఆ సాయంత్రం అరనిమిషం పెట్టి చూశాను. పెయ్‌-జెన్ ఆఖరుసారి పెట్టెలోకి వచ్చింది ఇల్లు వదిలిన రోజునే. రోజూ ఏడింటికి వచ్చేది నా ఫోనే. నేను గుమ్మం దాటగానే అది ఆ రోజు తీసిన ఫోటోలన్నీ తనంతట తాను పెట్టెలో పోస్తుంది. ఆ ఏర్పాటు ఎప్పుడో పెయ్‌-జెనే చేసింది. "నీ రోజు ఎలా గడిచిందో నేనూ చూస్తాను," అని ఫోన్ లాక్కుని మరీ చేసింది. నా ఫోన్ పోసినవన్నీ తెరిచి చూశాను. రుజువు కోసం ల్యాబ్‌లో తీసుకున్న మీటర్ల ఫోటోలు, వేలకొద్దీ. ఒక్క మనిషి ముఖం లేదు. ఆమె చూసినన్నాళ్లూ చూసింది ఇవే.

టికెట్ వాపసు చేశాను. సోమవారం ఫోన్‌లో ఆ ఏర్పాటు ఆపేసి ఇంటికి వచ్చాను. చెప్పులు విప్పాను. తొమ్మిది. చెత్త బండి పాట దగ్గరికి వచ్చింది, సందు దాటిపోయింది. తొమ్మిదే. చెత్త సంచి నా కాళ్ల దగ్గరే ఉంది. ఇల్లంతా ఎంత ఖాళీగా ఉందో నాకు ఆ వేళే తెలిసింది, ఏడుపొచ్చింది.

మంగళవారం దారిలో కొత్త ఆకుపచ్చ ప్యాకెట్ కొన్నాను. పాతది తీసి కొత్తది పెట్టెమీద పెట్టాను. తర్వాత ఫోన్‌లో ఆ ఏర్పాటు మళ్లీ మొదలుపెట్టి, మెట్లు దిగి సందు చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి తలుపు తీశాను.

పద్నాలుగు.

నేను వచ్చినట్టు ఈ ఇంట్లో దానికొక్కదానికి తెలుస్తుంది. చెప్పులు విప్పి దాని పక్కన కూర్చున్నాను.