జగన్నాధం పెట్టిన టైమింగు

సాలూరులో పెట్రోలు బండికి టైమింగు పెట్టాలంటే, అంటే ఇంజన్లో నిప్పురవ్వ పడే క్షణం కుదర్చాలంటే, జగన్నాధమే పెట్టాలని చాలాకాలం పేరుండేది. ఊరి చివర వరసగా ఉన్న లారీ షెడ్లలో అతనిదీ ఒకటి. ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని పక్కన నిలబడి, ఏ సిలిండరు ఎక్కడ తడబడుతోందో చెప్పేసేవాడు. ఆ చెవులే అన్నాళ్ళూ అతని ఇంట్లో పొయ్యి వెలిగించాయి.

పంతొమ్మిదివందల అరవయ్యారులో అతనికి క్షయ వచ్చింది. ఆసుపత్రిలో నెలల తరబడి సూదులు పొడిచారు. జబ్బు తగ్గింది, ప్రాణం దక్కింది. కాని ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి, చూరులో పిచ్చుకలు నోళ్ళు తెరుస్తున్నా అరుపు రావడం లేదని గమనించాడు. తరవాత భార్య గురమ్మ గాజుల చప్పుడు పోయింది. లారీ హారను వినబడేది, ఇంజను హోరు వినబడేది. సన్నని చప్పుళ్ళు మాత్రం ఒకటొకటిగా అతన్ని విడిచి వెళ్ళిపోయాయి. ఆ సూదుల వల్ల కొందరికి ఇలా అవుతుందనీ, పోయిన వినికిడి తిరిగి రాదనీ డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు.

జగన్నాధం ఎవరికీ చెప్పలేదు. ఎదటి మనిషి పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. పోల్చుకోలేనప్పుడు తల ఊపేవాడు. తెలిసిందల్లా గురమ్మకే.

అలా రెండేళ్ళు నెట్టుకొచ్చాక, పద్మకుమారిగారు కబురు పెట్టింది. ఆవిడ ఆ చుట్టుపక్కల ఒక చిన్న ఎస్టేటువారి కోడలు. ఎస్టేటు ఏనాడో పోయింది. భర్త చినబాబుగారూ పోయారు. మిగిలింది ఒక మండువా ఇల్లు, కొండదారి ఘాటీ పైన బత్తాయి తోట, పశువుల సాలలో గోనెపట్టాల కింద ఒక కారు. స్వతంత్రం రాకముందు ఓడ మీద దిగిన పచ్చరంగు విలాయతీ బండి. రెండే సీట్లు, పైన కప్పు లేదు. పెళ్ళయిన కొత్తలో చినబాబుగారు ఆవిడకి అందులోనే డ్రైవింగు నేర్పారు. ఊరు ఊరంతా నోరు నొక్కుకుంది.

"మొన్నటిదాకా ఆయన సంవత్సరీకానికి తోటకి బస్సులో వెళ్ళాను. ఈసారి దీన్లో వెళ్దామని ఉంది, నేనే నడుపుకుని," అందావిడ. చినబాబుగారి సమాధి ఆ తోటలోనే ఉంది. "నువ్వున్నావు కాబట్టే ధైర్యం. ఆయన కూడా నీ చెవులే నమ్మేవారు."

ఆ మాట పెదాల మీద స్పష్టంగా చదివాడు జగన్నాధం. చదవకపోతే బాగుండుననుకున్నాడు.

బండిని షెడ్డుకి లాక్కొచ్చి పని మొదలుపెట్టాడు. ట్యాంకు కడిగాడు. కార్బొరేటర్లు విప్పి తుడిచాడు. నిప్పురవ్వ పుట్టించే ప్లాటినం పాయింట్లు గీకి, సందు సరిచేశాడు. టైమింగుకి ఇంజను ముందు తిరిగే కప్పీ మీది గుర్తుని పక్కనున్న ముల్లుకి ఎదురుగా తెచ్చి, పాయింట్లకి ఒక బల్బు తగిలించాడు. ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు కొంచెం తిప్పితే పాయింట్లు విడిన క్షణాన బల్బు వెలిగింది. అక్కడ బిగించాడు. ఇంజను అందుకుంది. ఇంతవరకూ కళ్ళతో చేసే పనే.

కాని కప్పీ మీది ఆ గుర్తు విలాయతీ మంచి పెట్రోలుకి పెట్టింది. బంకులో దొరికే పెట్రోలుకి ఆ గుర్తు పనికిరాదు. నిప్పురవ్వ కాస్త తొందరపడి పడితే, పైకొస్తున్న పిస్టను నెత్తిమీద పేలుడు దెబ్బ తగులుతుంది. అప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు సన్నగా గలగలమంటుంది; అలాగే లాగిస్తే పిస్టనే కరిగిపోతుంది. అందుకని బండిని ఎత్తుమీద లాగిస్తూ, ఆ గలగల వినబడితే డిస్ట్రిబ్యూటరు వెనక్కి, బండి మొద్దుబారితే ముందుకి, వెంట్రుకవాసి తిప్పుకుంటూ పోవాలి. ఆ పని చెవిది.

ఊరవతల ఎత్తు మీదికి ఒక్కడే తీసుకెళ్ళాడు. మెడ నరాలు బిగబట్టి విన్నాడు. హోరు తప్ప ఏమీ లేదు. దిగి, అందాజుగా కొంచెం వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ హోరే. వినబడలేదంటే లేనట్టే కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. ఆ మాట తన మనసే నమ్మలేదు.

అన్నం పెడుతూ గురమ్మ ఎదురుగా కూచుంది, పెదాలు కనబడేలాగ.

"అమ్మగోరికి సెప్పేయ్. ఇనపడతం నేదని సెప్పేత్తే ఏటవుతాది? నిన్నేటి ఉరితీత్తారా?"

"సెప్తే రేపట్నుంచి షెడ్డుకి ఎవుడొస్తాడే?"

"సెప్పకపోతే ఆ బండేటవుతాదో?"

జగన్నాధం కంచం ముందునుంచి లేచిపోయాడు.

సంవత్సరీకం నాడు పద్మకుమారిగారు తెల్లచీర కొంగు నడుముకి చుట్టుకుని స్టీరింగు ముందు కూచుంది. పక్క సీటు ముందు పూలబుట్ట. "నువ్వూ రా జగన్నాధం, దారిలో ఏమైనా అయితే చూసుకోవచ్చు," అంది. కాదనడానికి కారణం దొరక్క ఎక్కాడు.

ఘాటీ మొదలయ్యేదాకా బాగానే సాగింది. ఆవిడ గేర్లు మార్చే తీరు చూస్తే చెయ్యి ఏమీ మరచిపోలేదు. ఎత్తు పెరిగింది. గాలి మొహాన కొడుతోంది. ఆవిడ అతనివైపు తిరిగి ఏదో అంది. జుట్టు మొహం మీద పడి పెదాలు సరిగ్గా కనబడలేదు. బండి బాగుంది కదా అంటోందనుకున్నాడు. తల ఊపాడు. మరో మలుపు తిరిగాక మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. జగన్నాధం మళ్ళీ తల ఊపాడు. ఆవిడ సరేనని కాలు అలాగే అదిమిపెట్టింది.

ఇంకొన్ని మలుపులకి బండి ఒక్క కుదుపు కుదిపింది. బలం చచ్చిపోయింది. బానెట్ సందుల్లోంచి నీలంపొగ తన్నుకొచ్చింది. ఆవిడ బండిని కొండవారకి తీసి ఆపింది.

బానెట్ ఎత్తి ఆ పొగ చూడగానే అతనికి తెలిసిపోయింది. పిస్టను నెత్తి కరిగి చిల్లి పడింది. అయినా చేతులు ఊరుకోక ప్లగ్గులు విప్పుతూ ఉన్నాడు. వెనక ఆవిడ ఎంతసేపు మాట్లాడిందో అతనికి తెలీదు. భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి తిరిగాడు.

"ఇందాకట్నుంచి పిలుస్తున్నాను," అందావిడ. అతని మొహంలోకి కాసేపు చూసింది. తరవాత ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "నీకు వినబడదా జగన్నాధం?"

"నేదమ్మగోరూ."

"రాళ్ళు రాలినట్టు చప్పుడొస్తోంది, అయినా పోనివ్వనా అని అడిగాను. రెండుసార్లు అడిగాను. నువ్వు తల ఊపావు."

జగన్నాధం విప్పిన ప్లగ్గుని బానెట్ అంచు మీద పెట్టాడు.

"ముందే చెబితే నేనే వినేదాన్ని కదా," అందావిడ. గొంతు ఎలా ఉందో అతనికి తెలియలేదు. పెదాలు మాత్రం వణికాయి.

కింద నుంచి ఒరిస్సా పోయే లారీ ఒకటి వచ్చింది. పద్మకుమారిగారు చెయ్యెత్తి ఆపి, పూలబుట్ట పుచ్చుకుని, డ్రైవరు పక్కన ఎక్కి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. జగన్నాధం మరో లారీకి తాడు కట్టించి బండిని సాలూరు దింపేసరికి పొద్దు వాలిపోయింది. అప్పటికే దిగొచ్చిన లారీలవాళ్ళ నోట షెడ్లన్నిటికీ సంగతి పాకింది. కుర్చీల్లో కూచుని టీ తాగుతున్నవాళ్ళు అతన్ని చూసి మాటలు ఆపేశారు. ఆపేశారన్నది అతను కళ్ళతోనే గ్రహించాడు.

వర్షాలు తగ్గుముఖం పట్టాక పద్మకుమారిగారు తానే వచ్చింది. కలకత్తా నుంచి తెప్పించిన పిస్టను జగన్నాధం చేతిలో పెట్టింది. అతను మారుమాట లేకుండా ఇంజను విప్పి బిగించాడు. మళ్ళీ ఊరవతల ఎత్తుకి వెళ్ళారు. ఆవిడ నడిపింది, ఆవిడే విన్నది. "గలగలమంటోంది," అని చెవిలో నోరుపెట్టి అరిచింది. దారిన పోయే బండివాళ్ళు ఆగి చూశారు. జగన్నాధం దిగి డిస్ట్రిబ్యూటరు కొంచెం వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ అరిచింది, మళ్ళీ తిప్పాడు. మధ్యాహ్నానికి ఆవిడ చెయ్యి చాలని ఊపింది. అతను ఆఖరుసారి డిస్ట్రిబ్యూటరు బోల్టు బిగించాడు. టైమింగు కుదిరింది. ఎంత బాగా కుదిరిందో ఆవిడ మొహంలో చూడటమే తప్ప అతనికి మరో దారి లేకపోయింది.

ఆవిడ అతన్ని షెడ్డు దగ్గర దింపి, దండం పెట్టి వెళ్ళింది. జగన్నాధం గుమ్మంలో నిలబడి పచ్చబండి మలుపు తిరిగేదాకా చూశాడు.

ఆ తరవాత అతను బ్రేకులు, లారీల కింది స్ప్రింగు కమాన్‌పట్టీలు, గ్రీజు పనులే చేశాడు. అవి చేతులతో అయ్యే పనులు. పాత అలవాటుకొద్దీ ఎవరైనా పెట్రోలు బండి తెచ్చి గుమ్మంలో ఆపితే, వాళ్ళు నోరు తెరవకముందే చెయ్యెత్తి ఎదర ఉన్న మరో మెకానిక్కు కొండబాబు షెడ్డు చూపించేవాడు.