ముందు చక్రం

మహమ్మద్ గౌస్ ఎవరినైనా కొట్టబోయే ముందు చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవాడు. మనిషి మీద లేని జాలి ఆ గడియారం మీద ఉండేది. అతని వేళ్లు మణికట్టు దగ్గరికి పోతే చాలు, కబ్ద్‌లోని ఆ మజరాలో పనిచేసే వాళ్లకి గుండె జారిపోయేది. మజరా అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఎడారిలో ఒక కువైటీ ఆసామి గోడ కట్టి పెట్టుకున్న తోట, కొన్ని మేకలు, కోళ్లు, శుక్ర శనివారాల్లో కుటుంబంతో వచ్చి ఉండటానికి ఒక విల్లా. గౌస్ దానికి ఫోర్‌మన్. ఆసామికి గౌస్ ఎంత చెబితే అంత.

నయీమ్‌కి గౌస్ స్వయానా బావ, అక్క రేహానా మొగుడు. అందరిదీ రాయచోటే. నయీమ్‌కి వీసా ఇప్పించి కువైట్ తెచ్చింది గౌసే. బంధువు వీసా మీద వచ్చినవాడి బతుకు అక్కడ ఎలా ఉంటుందో వచ్చినవాడికే తెలుస్తుంది. గదిలోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు బావ చెయ్యి పడాలి. నయీమ్ కొత్త దుప్పటి కొనుక్కుంటే దాని మొదటి నిద్ర గౌస్‌ది. కొత్త బూట్లు కొనుక్కుంటే గౌస్ కాళ్లకి వదులయ్యాక నయీమ్ కాళ్లకి వచ్చేవి. దీన్ని అందరూ మర్యాద అనేవాళ్లు. దోపిడీ అనడానికి నోరు రాక అలా అనేవాళ్లు.

రేహానా పట్నం పక్కన జాబ్రియాలో, అదే ఆసామి ఇంట్లో వంటమనిషి. గురువారం మధ్యాహ్నం ఆ కుటుంబం కబ్ద్ వచ్చేటప్పుడు గిన్నెలతో, పిల్లల సామానుతో పాటు ఆమెనూ కారులో తెచ్చేవారు. వారం పొడుగునా మామా, అంటే ఆసామి భార్య, చెప్పింది చేయడం, వారం చివర మొగుడి చేతిలో తన్నులు తినడం, ఇదీ ఆమె కాపురం.

ఒక గురువారం ఆమె కారు డిక్కీలో మడత సైకిలు ఒకటి తెచ్చింది. ఆసామి కొడుకు నాలుగు రోజులు తొక్కి విసుగుపుట్టి పడేసినది. తీసుకుపొమ్మని మామా అంటే తమ్ముడికి ఇచ్చింది. నయీమ్ దాన్ని చూసిన క్షణమే మోటారు పెట్టాలనుకున్నాడు. మజరా నుంచి బయటికి కదలాలంటే ఉన్నది గౌస్ నడిపే వనేట్ ఒక్కటే. ఆ డొక్కు పికప్ బండిలోకి గౌస్ ఎక్కమంటే ఎక్కాలి, వద్దంటే ఇసుకలో పడి ఉండాలి. అదే మోటారు సైకిలు ఉంటే బస్సు దొరికే రోడ్డు దాకా పోయి, సైకిలు మడిచి చంకన పెట్టుకుని బస్సెక్కి, జాబ్రియాలో అక్కని చూసి రావచ్చు. గౌస్ పక్కన లేకుండా అక్కతో మాట్లాడి ఎన్నాళ్లయిందో నయీమ్‌కి గుర్తు లేదు.

పక్క మజరా వాళ్లని బతిమాలి వాళ్ల బండిలో పోతే శుక్రవారం సంతలో మోటారు కిట్ దొరికింది. ముందు చక్రం నడిమధ్యలో బిగించి వచ్చే మోటారు, బ్యాటరీ, హ్యాండిల్‌కి తగిలించే ఎక్సలేటర్. తెచ్చి చూస్తే మడత సైకిలు ఫోర్క్ ఇరుకు, మోటారు ఇరుసు లావు. నయీమ్ ఫోర్క్ కొసలని ఆకురాయితో రాకాడు. రాకీ రాకీ గాడి వెడల్పయింది గానీ, చక్రం కిందికి జారిపోకుండా ఆపే చిన్న అంచు కూడా దాంతోపాటే అరిగిపోయింది. తప్పు చేశానని అతనికి తెలుసు. అయినా భయపడలేదు. మోటారు చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే దాని ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. అలా తిరక్కుండా ఇరుసుని ఫోర్క్‌కి కట్టేసే ఉక్కు పట్టీ ఒకటి కిట్‌లోనే వస్తుంది. ఆ పట్టీ వేసి, నట్లు గట్టిగా బిగిస్తే ఏమీ కాదు. పట్టీ లేకపోతే మాత్రం ఆ బండి ఎక్కకూడదని కిట్ అమ్మినవాడు మరీ మరీ చెప్పాడు.

పని సగంలో ఉండగా గౌస్‌కి తెలిసింది. తెలిసిన శనివారం మధ్యాహ్నమే రేహానా చెయ్యి విరిగింది.

నయీమ్ మేకలకి గడ్డి వేసి వస్తూ అక్క కేక విన్నాడు. గది తలుపు తోసేసరికి రేహానా నేల మీద ఉంది. కుడి మణికట్టు పట్టుకుని గోడకి ఒదిగిపోయింది. పక్కన గౌస్ తినబోతున్న అన్నం పళ్లెం ఉంది. తనని అడక్కుండా తన బావమరిదికి సైకిలు ఇవ్వడానికి నువ్వెవరని గౌస్ అరుస్తున్నాడు. నయీమ్‌కి ఒళ్లు తెలియలేదు. మీదికి దూకాడు. గౌస్ పిడికిలి నేరుగా ముక్కు మీద పడింది. నయీమ్ కింద పడ్డాక డొక్కలో తన్నాడు, జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చాడు.

అప్పుడు రేహానా నేల మీది నుంచే, "నువ్వు బయటికి పోరా నయీమ్," అంది.

ఆ మాట నయీమ్‌ని పిడికిలి కన్నా గట్టిగా కొట్టింది. గౌస్ అతణ్ని బయటికి నెట్టి, దాన్ని తొందరగా పూర్తి చెయ్యమని, వచ్చే శుక్రవారం ముందు తనే ఎక్కుతానని చెప్పి తలుపు గడియ పెట్టుకున్నాడు. చాలాసేపటికి ఆమెని వనేట్‌లో ఆసుపత్రికి తీసుకుపోయాడు. స్నానాల గదిలో జారిపడ్డానని రేహానా మామాకి చెప్పింది. మామా నమ్మింది, లేదా నమ్మినట్టు ఉండటమే సుఖమనుకుంది.

నయీమ్‌కి అక్క మీద కూడా కోపం వచ్చింది. ఇంత మెత్తని మనిషి ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాడు. ఆ వారమంతా అతను మేకలకి నీళ్లు పెడుతూ, కోళ్ల గూడు కడుగుతూ ఒక్కటే ఆలోచించాడు. మోటారు బిగించడం పూర్తి చేశాడు. పట్టీ వేసి, నట్లు బిగించి, మేకల కొట్టం వెనక ఎక్కి తిప్పి చూశాడు. సైకిలు గాలిలో పోతున్నట్టు పోయింది. ఒక్కడే నవ్వుకున్నాడు కూడా. మరుక్షణం, వచ్చే శుక్రవారం దీని మీద మొదట కూర్చునేది ఎవరో గుర్తొచ్చింది.

సైకిలు దిగి పానా తీసుకున్నాడు. ఉక్కు పట్టీ ఊడదీసి ఇసుకలో పాతిపెట్టాడు. రెండు పక్కల నట్లనీ వదులు చేసి, వేలితో తిప్పితే తిరిగేలా ఉంచాడు. వాటి మీద కిట్‌తో వచ్చిన నల్ల రబ్బరు టోపీలు తొడిగాడు. ఇప్పుడది చూడటానికి ముచ్చటైన బండి. గేటు దాటాక రోడ్డు తిన్నగా పోయి పక్క మజరా ముందు స్పీడ్ బ్రేకర్ ఎక్కుతుంది. మెల్లగా పోయినంతసేపు చక్రం నిలుస్తుంది. వేగం మీద ఆ గట్టు ఎక్కితే చక్రం ఫోర్క్‌లోంచి దూకేస్తుంది. గౌస్‌కి మెల్లగా పోవడం చేతకాదు. నయీమ్ ఉద్దేశం కాళ్లు విరగ్గొట్టడం కాదు, బుద్ధి చెప్పడం కాదు. చంపాలనే అనుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. ఆసామి కుటుంబం భోజనం చేసి విల్లాలో నిద్రపోయింది. గౌస్ తలంటుకుని, అత్తరు పూసుకుని, కడుపునిండా తిని వచ్చాడు. సైకిలుని చుట్టూ తిరిగి చూశాడు. హారన్ కొట్టాడు. నాయాల్ది, బాగనే చేసినాడే అని మెచ్చుకున్నాడు. నయీమ్ తల వంచుకుని నిలబడ్డాడు. అనుకున్నది అనుకున్నట్టు జరుగుతోందని లోపల సంతోషం ఉరకలు వేస్తోంది.

సైకిలుని గేటు బయట రోడ్డు దాకా నడిపించుకుపోయి ఎక్కి కూర్చున్న గౌస్, వంటింటి వైపు తిరిగి గొంతెత్తాడు.

"ఏమే రేహానా, రా. ఎనక కూర్చో. కొత్త బండి, ఒక సుట్టు పోయొద్దాం."

నయీమ్ ఇది అనుకోలేదు. పెళ్లి కానివాడు, అక్క కాపురంలో తన్నులు మాత్రమే చూశాడు. తన్నిన వారానికి ఆ మనిషే అత్తరు పూసుకుని వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని ఊరేగుతాడని అతనికి తట్టలేదు. అలాంటి మొగుళ్లందరికీ ఉండే జబ్బే అది. పెళ్లయిన ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది.

రేహానా చున్నీ సర్దుకుంటూ వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి మెడలోంచి వేలాడుతోంది. క్యారియర్ మీద ఓ పక్కకి కూర్చుని, బాగున్న చేత్తో గౌస్ చొక్కా పట్టుకుంది.

నోరు మూసుకుంటే ఇద్దరూ పోతారు. తెరిస్తే తన పని అయిపోతుంది. గౌస్ చెయ్యి ఎక్సలేటర్ మీద పడగానే నయీమ్ పరిగెత్తి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"అక్కా, దిగు. ముందు చక్రం నిలబడదు."

"ఏందిరా?" అన్నాడు గౌస్.

"పట్టీ యెయ్యలేదు బావా. నట్లు లూజుగా ఉండాయి. నువ్వు గూడా ఎక్కొద్దు."

ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గౌస్ అతని మొహంలోకి చూసి నవ్వాడు. మొదటి సవారీ ఇవ్వడానికి మనసొప్పక బావమరిది దొంగ కూతలు కూస్తున్నాడని అనుకున్నాడు. రేహానాని దిగమని, సైకిలు స్టాండ్ వేసి, గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

మొదటి దెబ్బకి నయీమ్ పెదవి చిట్లింది. రెండోది చెవి మీద పడింది, ఆ తర్వాత ఆ చెవికి ఏమీ వినపడలేదు. విశ్వాసం లేని కుక్కా అని తిడుతూ గౌస్ అతణ్ని గోడకేసి మోదాడు, మోకాలితో పొత్తికడుపులో పొడిచాడు. నయీమ్ తిరిగి కొట్టలేదు. పాక్కుంటూ పోయి ముందు చక్రం పట్టుకున్నాడు. రబ్బరు టోపీ పీకి, నట్‌ని రెండు వేళ్లతో తిప్పుతూ, "చూడు బావా, చూడు," అన్నాడు. గౌస్‌కి నట్ కనిపించలేదు, తన బండి మీద పడిన చెయ్యి కనిపించింది. బూటు కాలితో ఆ చేతిని తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు నయీమ్‌కి బాగున్న చెవిలో వినిపించింది. గౌస్, నయీమ్ జేబులోంచి జారి కింద పడిన పానా అందుకుని భుజం మీద ఒకటి వేశాడు. నయీమ్ బోర్లా పడి, నోట్లోంచి నెత్తురూ ఓ పన్నూ ఉమ్మాడు.

రేహానా మాత్రం నట్‌నే చూసింది. పానా లేకుండా వేళ్లతోనే తిరగడం చూసింది. తర్వాత తమ్ముడి కళ్లలోకి చూసింది. వారం నుంచి అతను ఏం చేశాడో, ఎవరి కోసం చేశాడో ఆమెకి అర్థమైందని నయీమ్‌కీ తెలిసిపోయింది.

ఆమె వంగి, ఊడిన రబ్బరు టోపీ ఏరి నట్‌కి తొడిగింది. లేచి నిలబడి మొగుడితో మాట్లాడింది.

"ఇంక చాల్లే. వాని మాటలకేం. నాకు చెయ్యి పోట్లు పొడుస్తాంది, నేను కూర్చోలేను. నువ్వు పోయి రా. ఎంత బిరీన పోతాదో నేను ఈడ నిలబడి చూస్తా."

గౌస్ మొహం వెలిగిపోయింది. పెళ్లాం చూస్తానంటే ఉబ్బిపోని మొగుడు లేడు. పానా విసిరేసి, చొక్కా దులుపుకుని సైకిలెక్కాడు.

నయీమ్ మోచేతుల మీద లేచి అరవబోయాడు. రేహానా అతని పక్కన కూలబడి, చున్నీ కొంగుతో మూతి మీది నెత్తురు తుడిచింది. తుడిచిన చెయ్యి తీయలేదు. నోటి మీద అలాగే అదిమి పెట్టింది. ఆ చేతికి అంత బలం ఉందని నయీమ్‌కి ఇన్నేళ్లూ తెలియదు.

సైకిలు మెల్లగా కదిలింది. ఒక్కసారి గౌస్ వెనక్కి తిరిగి చూశాడు. రేహానా తల ఊపింది. మోటారు చప్పుడు సన్నగా మొదలై కీచుమని హెచ్చింది, చొక్కా గాలికి ఉబ్బింది. గట్టు దగ్గర బండి ముందు భాగం కొంచెం పైకి లేచింది. చక్రం విడిపోయి, వైర్లు తెంపుకుని, దాని దారిన అది దొర్లిపోయింది. వట్టి ఫోర్క్ తారులో దిగబడింది. గౌస్ హ్యాండిల్ మీది నుంచి ఎగిరి మొహం మీద పడ్డాడు. పడిన చోట ఆగలేదు, రోడ్డు మీద చర్మం వదులుతూ ఈడ్చుకుపోయి పక్క మజరా గోడ మొదట్లో ఉన్న రాయికి తల కొట్టుకున్నాడు. ఆ చప్పుడు గేటు దాకా వచ్చింది.

రేహానా అప్పుడు చెయ్యి తీసింది. విల్లాలో ఎవరూ లేవలేదు.

చావాలని వారం పాటు కోరుకున్న మనిషి అక్కడ పడి ఉంటే, ఇప్పుడు అతను బతకాలని నయీమ్‌కి ఉంది. ఆసామిని లేపాలి, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలి అని గొణుగుతూ గోడ పట్టుకుని లేచాడు. రేహానా అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోరా. నా చెయ్యి ఇరిగిన పొద్దు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయప్ప అన్నం తిన్యాడు. తిని, చెయ్యి కడుక్కోని, అప్పుడు తీస్కపోయినాడు ఆస్పత్రికి. మనం గూడా అన్నం తినేంత సేపు కూర్చుందాం."

ఆమె గొంతులో కోపం లేదు. నయీమ్‌కి జీవితంలో మొదటిసారి అక్కని చూస్తే భయమేసింది. అవతల గౌస్ ఒక కాలు కదిలిస్తున్నాడు. నయీమ్ విరిగిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.